పసిపాప గిలక్కాయకు ఏ రంగు వేయాలి? ఇంట్లో చిన్న లేత్ మీద లక్క పడుతుందా?

చెక్కపని_చందు
అక్కకు పాప పుట్టింది. ఇంకొన్నాళ్ళు పోతే చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు. మేనమామగా నా చేత్తో చేసిన గిలక్కాయ ఒకటి, ఒకదాని మీద ఒకటి పేర్చుకునే రింగుల బొమ్మ ఒకటి ఇవ్వాలని ఉంది. వీలైతే జిగ్ సాతో (వంపులు కోసే కరెంటు రంపంతో) కోసిన ఏనుగు, చిలక కూడా. బల్ల మీద పెట్టుకునే మినీ లేత్ (కర్రను తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్), రోటరీ టూల్, జిగ్ సా, అరచేతి శాండర్ ఉన్నాయి. చెక్క పని వరకు నాకు బెంగ లేదు, రంగు దగ్గరే ఆగిపోయాను. ఒక షాపులో ఎనామెల్ వేయమన్నారు, ఇంకో షాపులో అక్రిలిక్ వేసి పైన వార్నిష్ కొట్టమన్నారు. నాకేమో ఏటికొప్పాక బొమ్మల్లా లక్క వేయాలని ఉంది. ఇంట్లో వాడే చిన్న మోటారుకు లక్క కరుగుతుందా? స్వయంగా చేసినవాళ్ళు చెప్పండి. వీడియోలు నేనూ చాలా చూశాను.

హైటెక్_రంపం
అక్రిలిక్ వేసెయ్ బ్రో. డబ్బా మీద నాన్ టాక్సిక్ అని రాసే ఉంటుంది. రెండు కోట్లు రంగు, పైన క్లియర్ కోటు. ఒక్క ఆదివారంలో పని అయిపోతుంది.

రంగుల_రమణి
హైటెక్ గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. నేను పెయింట్ల ల్యాబులో పనిచేస్తాను. మామూలు అక్రిలిక్ డబ్బా మీద ఆ మాట ఉందంటే, బొమ్మలు వేసుకునేటప్పుడు చేతికి అంటినా ఫర్వాలేదు అన్నంతవరకే తీసుకోవాలి. పాప రోజూ చీకితే, పళ్ళొచ్చాక కొరికితే, పెచ్చు ఊడి కడుపులోకి పోతే ఏమిటన్నది వేరే పరీక్ష. ఆట బొమ్మలకు మన దేశంలో ఐఎస్ 9873 ప్రమాణం ఉంది. రంగులోంచి సీసం, కాడ్మియం లాంటివి ఎంత బయటికి వస్తాయో అందులో కొలుస్తారు. ఆ పరీక్ష సంగతి డబ్బా మీద స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి.

ఎనామెల్ సంగతి ఇంకా ముఖ్యం. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని 2016లో నిబంధనలు వచ్చాయి, 2017 నవంబరు నుంచి అమల్లో ఉన్నాయి. కానీ అవి ఇంటి రంగులకు, అలంకరణ రంగులకు మాత్రమే. గేట్లకు, యంత్రాలకు వేసే పారిశ్రామిక ఎనామెల్ ఆ నిబంధన కిందికి రాదు. షాపులో రెండూ ఒకే అరలో ఉంటాయి. పసుపు, నారింజ, ఎరుపు తళతళలాడుతున్నాయంటే ఇంకా అనుమానించాలి. సీసం ఉండే లెడ్ క్రోమేట్ ఎక్కువగా వాడింది ఆ రంగుల్లోనే. అటక మీద మిగిలిపోయిన పాత డబ్బా అయితే మూత కూడా తీయకండి.

హైటెక్_రంపం
రమణి గారూ, మా బాబు ఆడిన బొమ్మలన్నీ అక్రిలిక్‌వే. వాడు దిట్టంగా ఉన్నాడు.

రంగుల_రమణి
ఉండాలి, సంతోషం. సీసం వల్ల వచ్చే నష్టం మనిషిని చూస్తే కనబడదండీ, రక్త పరీక్షలోనే తెలుస్తుంది. మీరు వేసిన దాంట్లో సీసం ఉందని నేను అనడం లేదు. లేదని చెప్పడానికి ఆ ఒక్క మాట చాలదు అంటున్నాను.

వరాహ_గట్టు
చందు తమ్ముడూ, మాది ఏటికొప్పాక. మా ఇంట్లో తాత కాలం నుంచి ఇదే పని. చిన్న లేత్ మీద లక్క పడుతుందా అని అడిగావు, పడుతుంది. మా ఊళ్ళో ఇప్పుడు చాలా ఇళ్ళలో చిన్న మోటారు బిగించిన తరిమెనలే, అంటే లేత్‌లే. అంతకుముందు చేత్తో తాడు లాగి తిప్పేవాళ్ళు, లక్క అప్పుడూ కరిగేది.

ముందు కర్ర గురించి. మేం వాడేది అంకుడు. తెల్లగా, నున్నగా, సన్నటి పొరతో ఉంటుంది. ఉలికి మెత్తగా తెగుతుంది, రంగును ఉన్నదున్నట్టు చూపిస్తుంది. కర్ణాటకలో చెన్నపట్నం బొమ్మలకు వాడేదీ ఈ చెట్టే. కర్రలో పచ్చి ఉంటే మాత్రం ఎంత మంచి లక్క వేసినా నిలవదు. లక్క వేడికి లోపలి తేమ ఆవిరై పైకి తోస్తుంది, పొక్కులు లేస్తాయి. కొన్నాళ్ళకు పెచ్చులు ఊడతాయి. చాలామంది లక్క మంచిది కాదంటారు గానీ తప్పు కర్ర తడిది.

లక్క కడ్డీ తయారీ వేరే పని. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, రంగు కలిపి, రంగు అంతటా సమానంగా వచ్చేదాకా సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీస్తాం. పసుపు రంగుకు పసుపు, నారింజకు జాఫ్రా గింజలు, నీలానికి నీలిమందు. నీలిమందులో పసుపు కలిస్తే ఆకుపచ్చ. మా ఊరు ఈ సహజ రంగుల వైపు గట్టిగా మళ్ళడంలో సి.వి. రాజు గారి కృషి చాలా ఉంది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

బొమ్మ తిరుగుతుండగా కడ్డీని దానికి ఆనించి పట్టుకోవాలి. రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది, మంట అక్కర్లేదు. తర్వాత మొగలి ఆకు ముక్కతో ఒత్తి సర్దితే రంగు సమానంగా పరుచుకుంటుంది, మెరుపు కూడా దాంతోనే వస్తుంది. లేత రంగులు ముందు, ముదురు రంగులు తర్వాత. రెండు రంగుల మధ్య గీత తేటగా రావాలంటే ఉలి మొనతో సన్నగా గాడి తీయి.

మొదట్లో కడ్డీలు నువ్వు చేసుకోకు. ఊళ్ళో పనివాళ్ళను అడిగి కొనుక్కో. హైవే మీద అడ్డరోడ్డులో దిగితే మా ఊరు దగ్గరే.

పాపాయి_లత
మొగలి ఆకంటే కేతకి పూలు పూసే మొగలేనా? మా ఊళ్ళో ఆ పొదల్లో పాములుంటాయని దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు.

వరాహ_గట్టు
అదేనమ్మా. అంచుల్లో ముళ్ళుంటాయి, వాటిని చీల్చేసి మధ్య బద్ద వాడతాం. పాముల భయం ఉంటే కడ్డీలతో పాటు ఆకులు కూడా మా దగ్గరే తీసుకోమనండి :)

మిషన్_మూర్తి
గట్టు గారు అనుభవంతో చెప్పినదానికి లెక్క జోడిస్తాను, కొత్తవాళ్ళకు ఉపయోగం. లక్క మెత్తబడేది సుమారు 70–80 డిగ్రీల దగ్గర. ఆ వేడి రాపిడి నుంచే రావాలి. రాపిడి ఆధారపడేది మోటారు తిరిగే వేగం మీద కాదు, బొమ్మ పైభాగం కదిలే వేగం మీద. 5 సెంటీమీటర్ల మందం ఉన్నచోట 600 ఆర్పీఎం (నిమిషానికి 600 చుట్లు) ఎంతో, 2 సెంటీమీటర్ల మందం ఉన్నచోట 1500 ఆర్పీఎం అంతే. రెండు చోట్లా నిమిషానికి సుమారు 94 మీటర్లు. అందుకే గిలక్కాయ తల మీద చక్కగా పరుచుకున్న లక్క సన్నటి పిడి దగ్గరికి రాగానే గీతలు గీతలుగా అంటుకుంటుంది. అక్కడ వేగం పెంచాలి. మినీ లేత్‌కు వేగం మార్చే నాబ్ ఉంటే చాలు.

ఇంకోటి. చిన్న మోటారుకు బలం తక్కువ. కడ్డీని గట్టిగా నొక్కితే బొమ్మ ఆగిపోతుంది లేదా దాన్ని బిగించిన చక్‌లోంచి ఊడి మీదికొస్తుంది. తేలిగ్గా ఆనించి, కాస్త ఓపిక పడితే వేడి దానంతటదే పుడుతుంది.

చెక్కపని_చందు
గట్టు అన్నా, మూర్తి గారూ, మీ పోస్టులు ప్రింటు తీసి లేత్ పక్కన అంటిస్తాను. కర్రలో పచ్చి పోయిందని ఎలా తెలుస్తుంది? తేమ కొలిచే మీటరు నా దగ్గర లేదు.

యాదన్న_వడ్రంగి
మీటరు ఎందుకు తమ్మీ, వంటింట్ల తూకం మిషన్ ఉంటది గదా. ముక్క మీద పెన్సిల్‌తోటి బరువు రాసిపెట్టు. వారం వారం తూచు. బరువు తగ్గుడు ఆగినంక పనిల పెట్టు. ముక్కను నీడల, గాలి ఆడేచోట ఉంచు. ఎండల పెడితే పగుల్తది. రెండు కొసలకు ఫెవికాల్ గాని మైనం గాని పూయి. తేమ కొసల నుంచే జల్ది పోతది, పగుళ్ళు అక్కడ్నే మొదలైతయి.

నేను వరంగల్‌ల తలుపులు, కిటికీలు చేసేటోణ్ణి, బొమ్మలు నా పని కాదు. కానీ మిషన్ గురించి ఒక మాట చెప్తా, అందరు వినాలె. లేత్ ముందట గ్లౌజులు వేసుకోవద్దు. చున్నీ, లుంగీ కొస, పొడుగు చేతుల అంగీ, మెడల గొలుసు, చేతికి దారం ఏదీ ఉండొద్దు. తిరిగే కర్ర బట్టను పట్టుకుంటే చెయ్యి కూడ గుంజుకపోతది. గ్లౌజు వేళ్ళను కాపాడదు, వేళ్ళను లోపటికి తీసుకపోతది. కండ్లకు అద్దాలు, ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టు. గుడ్డ కట్టుకుంటే సన్నటి పొట్టు ఆగది.

పాపాయి_లత
యాదన్నా, దండం. మా ఆయన గ్లౌజులు వేసుకునే లేత్ తిప్పుతారు. ఈ పోస్టు ఇప్పుడే చూపించాను, తీసి పక్కన పెట్టారు.

కొండపల్లి_కోడలు
చందు గారు ఏనుగు, చిలక అన్నారు కదా, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. గట్టు అన్నయ్య చెప్పిన రాపిడి పద్ధతి గుండ్రటి వాటికే. జిగ్ సాతో కోసిన బల్లపరుపు ముక్క లేత్ మీద తిరగదు కాబట్టి లక్క అలా పట్టదు.

మా అత్తగారిల్లు కొండపల్లి. మా పద్ధతి పూర్తిగా వేరు. తెల్ల పొణికి కర్ర, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. దాన్ని ఉలితో, ఆకురాయితో చెక్కుతారు. ఏనుగుకు తొండం, చెవులు, పైన అంబారీ అన్నీ విడివిడిగా చేసి అతుకుతారు. అతుకుల మీద మక్కు పెడతారు, అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆరాక రుద్ది, సున్నం పూసి, దాని మీద రంగులు. అంబారీ ఏనుగు, దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి అన్నీ ఇలా పుట్టినవే.

కానీ ఇది బొమ్మల కొలువులో పెట్టుకునే బొమ్మ. పసిపిల్ల నోటికి కాదు. పొణికి మెత్తన, పంటికి నలుగుతుంది. అతికిన చెవి ఊడి వస్తే గొంతులో పడుతుంది. ఆ పని మీద నాకున్న ప్రేమతోనే చెబుతున్నాను, పాపకు పొణికి బొమ్మ ఇప్పుడు వద్దు. సంక్రాంతి కొలువుకు చేసివ్వండి, పెద్దయ్యాక తనే సర్దుకుంటుంది.

రంగుల_రమణి
కొండపల్లి కోడలు గారు చెప్పిన ఊడిపోయే ముక్కల మాట అందరూ పట్టించుకోవాలి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఒక కొలత ఉంది. 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టంలో ఏ ముక్కా పూర్తిగా పట్టకూడదు. పట్టిందంటే అది గొంతుకు అడ్డం పడగలదు. చందు గారూ, గిలక్కాయలో గింజలు పోసి మూత అతకాలనుకుంటున్నారా?

చెక్కపని_చందు
అదే అనుకున్నాను. రెండు దొప్పలు చేసి, లోపల గురివింద గింజలు పోసి...

కొండపల్లి_కోడలు
అయ్యో, గురివింద వద్దు నాయనా! విషం అది. గింజ పగిలి లోపలికి పోతే ప్రాణం మీదికొస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటాయని ఇంట్లో కూడా పిల్లలకు అందేచోట పెట్టరు.

రంగుల_రమణి
గురివింద గురించి ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అసలు ఏ గింజా వద్దంటాను నేను.

మిషన్_మూర్తి
గింజలు, అతుకులు ఏమీ లేకుండానే గిలక్కాయ చేయొచ్చు. ఒకే కర్రలోంచి పిడి, దాని చుట్టూ విడిగా తిరిగే రెండు మూడు రింగులు తీయాలి. ముందు కర్ర మీద ఉబ్బులు వదిలి, కొక్కెం ఆకారం ఉలితో అటూ ఇటూ కింద నుంచి తొలిస్తే రింగు విడిపోతుంది. పిడి రెండు కొసలా బుడిపెలు లావుగా ఉంటాయి కాబట్టి రింగు బయటికి రాదు. ఊపితే టకటకమంటుంది. రింగు విడిపోకముందే దాని పైభాగానికి లక్క వేసెయ్. విడిపోయాక దాన్ని తిప్పడం కుదరదు. లోపలి వైపు మామూలు చెక్కగానే వదిలేయొచ్చు, గరుకు కాగితంతో నునుపు చేస్తే చాలు. 120 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, సన్నటి 400 నంబరు దాకా పో.

డల్లాస్_గ్యారేజీ
ఏనుగు, చిలకల సంగతి నేను చెబుతాను. ఇక్కడ అంకుడు దొరకదు, నేను మేపుల్ వాడతాను. బల్లపరుపు ముక్కలకు లక్క రేకులను స్పిరిట్‌లో కరిగించి కుంచెతో పూస్తాను. పదార్థం అదే, లక్క పురుగు ఇచ్చేదే. మాత్రల మీద, మిఠాయిల మీద మెరుపు పూతకు వాడేదీ ఇదే, ఇ904 అని రాసి ఉంటుంది. నేను కొనే ప్యాకెట్టు మీద ఇండియా నుంచి దిగుమతి అని చూసినప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. పల్చటి పూతలు, ఒక్కోటి ఆరాక ఇంకోటి.

యాదన్న_వడ్రంగి
డల్లాస్ అన్నా, అక్కడ స్పిరిట్ ఎట్లుంటదో తెల్వది గాని ఇక్కడ పాలిష్ కోసం అమ్మే స్పిరిట్‌ల మిథనాల్ కలుపుతరు. తలుపుకు పాలిష్ కొట్టేటప్పుడు గది తలుపులన్నీ తెరుస్తం. బొమ్మకైతే బాగా ఆరనియ్యాలె. వాసన రవ్వంత ఉన్నా పిల్లకు ఇయ్యొద్దు. దగ్గర పొయ్యి గాని, సిగరెట్టు గాని ఉండొద్దు.

డల్లాస్_గ్యారేజీ
నిజమే. నేను తినే తరగతి ఇథనాల్ వాడతాను, ఇక్కడ దొరుకుతుంది. అక్కడ అది కొనడం తేలిక కాదని మర్చిపోకూడదు. చందూ, యాదన్న మాట విను.

అమ్మమ్మ_చెప్పింది
ఇంత హడావిడి ఎందుకు బాబూ, కొబ్బరినూనె రాసి ఇవ్వండి. మా పిల్లలందరూ అలాంటి చెక్క బొమ్మలతోనే పెరిగారు.

మిషన్_మూర్తి
అమ్మమ్మ గారూ, కొబ్బరినూనె వల్ల హాని ఏమీ లేదు. కాకపోతే అది ఎండి గట్టిపడే నూనె కాదు, జిడ్డుగానే ఉండి దుమ్ము పట్టుకుంటుంది. రంగు లేకుండా చెక్కను చెక్కలాగే ఉంచాలంటే తేనె మైనం మేలు. అవిసె నూనె ఎండుతుంది గానీ పచ్చి నూనె ఆరడానికి వారాలు పడుతుంది. బాయిల్డ్ అని రాసి అమ్మే రకంలో త్వరగా ఆరడానికి లోహపు రసాయనాలు కలుపుతారు, పసిపిల్లల బొమ్మకు అది వద్దు. ఇంకొక జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే నిప్పు పెట్టకుండానే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళలో తడిపి పారేయండి.

అమ్మమ్మ_చెప్పింది
గుడ్డ తనంతట తానే అంటుకుంటుందా! ఇది నాకు కొత్త. ఇంట్లో అందరికీ చెబుతాను.

పాపాయి_లత
ఒక డౌటు. పసుపుతో చేసిన రంగు సబ్బుతో కడిగితే ఎర్రగా మారుతుందా? పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, సబ్బు కూడా అలాంటిదే. బొమ్మకు పారాణి పెట్టినట్టు అవుతుందేమో :)

వరాహ_గట్టు
మంచి ప్రశ్న అమ్మా. పసుపు లక్కలో బంధించి ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా మారదు. కానీ సబ్బునీళ్ళలో, సోడాలో నానబెడితే లక్కే మెత్తబడి చెడుతుంది. శానిటైజర్ అసలు తగలనివ్వొద్దు, స్పిరిట్‌కు లక్క కరిగిపోతుంది. మరిగే నీళ్ళూ వద్దు. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు. ఎండ తగిలే కిటికీలో పెట్టినా పసుపు రంగు వెలుస్తుంది, అది దాని స్వభావం.

రంగుల_రమణి
గట్టు గారి మాటకు తోడు: లక్క మంచిదే, కానీ అందులో ఏ రంగు కలిపారన్నది అడిగి కొనండి. బజారులో రసాయన రంగు కలిపిన లక్క కడ్డీలు కూడా ఉంటాయి. నెమలిపింఛం రంగు, ముదురు గులాబీ కళ్ళు చెదిరేలా ఉంటే సహజ రంగు అవునో కాదో తప్పకుండా అడగాలి.

హైటెక్_రంపం
సరే, పసివాళ్ళ బొమ్మలకు లక్కే మేలని ఒప్పుకుంటున్నాను. గోడ బొమ్మలకు, ఫోటో ఫ్రేములకు అక్రిలిక్ వదలను. చందూ, పని బాగా కుదిరితే ఆన్‌లైన్‌లో పెట్టు. 'ఏటికొప్పాక గిలక్కాయ' అంటే ఎగబడి కొంటారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలదే కదా, పేరు అందరికీ తెలుసు.

వరాహ_గట్టు
హైటెక్ తమ్ముడూ, ఇది మాత్రం వద్దు. ఆ పేరుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వేరే ఊళ్ళో చేసిన బొమ్మను ఆ పేరుతో అమ్మడం చట్టం ఒప్పుకోదు. చట్టం పక్కన పెట్టినా, ఆ పేరు మీద మా ఊళ్ళో ఎన్నో పొయ్యిలు వెలుగుతున్నాయి. మా పద్ధతి నేర్చుకోండి, నేర్పడానికే ఇంత రాశాను. 'లక్క పూత వేసిన చెక్క గిలక్కాయ' అని మీ పేరుతో ఇవ్వండి, గర్వంగా చెప్పుకోండి.

హైటెక్_రంపం
అన్నా, ఈ కోణం నాకు తెలీదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

రంగుల_రమణి
అమ్మకం అంటే ఇంకో చిక్కు కూడా. బొమ్మల నాణ్యత ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అమ్మే బొమ్మకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులకు, భౌగోళిక గుర్తింపు కింద నమోదైనవాళ్ళకు మినహాయింపు ఉంది. మనలాంటి సరదా పనివాళ్ళకు లేదు. మేనకోడలికి కానుకగా ఇచ్చుకోవడానికి ఏ అడ్డూ లేదు.

చెక్కపని_చందు
అమ్మే ఆలోచన నాకు లేదు. ఏటికొప్పాక వెళ్ళి అంకుడు ముక్కలు, సహజ రంగుల కడ్డీలు తెచ్చుకుంటాను. గిలక్కాయకు మూర్తి గారు చెప్పిన విడి రింగులు. ఏనుగు, చిలకలకు రంగు లేకుండా తేనె మైనమే. గట్టు అన్నా, ఇప్పుడు వానలు పడుతున్నాయి, కర్ర తెస్తే ఆరుతుందా, లేక ఆగమంటావా?

వరాహ_గట్టు
ఆగక్కర్లేదు. మా దగ్గర ఆరిన ముక్కలు వేరుగా ఉంటాయి, అవే అడుగు. ఇంటికి తెచ్చాక కూడా యాదన్న చెప్పినట్టు కొన్ని వారాలు తూచు, మీ ఊరి గాలికి అలవాటు పడాలి. వానాకాలంలో బరువు తగ్గడం ఆగినా నాలుగు రోజుల ముసురుకు మళ్ళీ పెరుగుతుంది. అందుకని ఉలి పని ఏ రోజైనా చేసుకో, లక్క వేయడం మాత్రం పొడి వాతావరణం వరసగా ఉన్నప్పుడు పెట్టుకో. వచ్చే ముందు ఇక్కడ ఒక మాట రాయి, ఇంటికొస్తే తరిమెన మీద కడ్డీ ఎలా పట్టాలో నీ చేత్తోనే చేయిస్తాను.